ఫ్రెంచికి మొదటి పుస్తకం: వ్యాకరణమా, ఆడియో ఉన్న పాఠ్యపుస్తకమా?

కొత్త అభ్యాసి

ఫ్రెంచి మొదలుపెట్టి మూడు వారాలైంది. నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఇంగ్లీషులో వివరించే వ్యాకరణం. రెండోది అట్ట నుంచి అట్ట దాకా ఫ్రెంచిలోనే ఉన్న పాఠ్యపుస్తకం, ఆడియోతో సహా. మొదటిది హాయిగా సాగుతోంది. రెండోదానిలో అభ్యాసం పైనున్న సూచనే అర్థం కాక ఆగిపోతున్నాను. ఆరు నెలలు ఒక్కదాన్నే పట్టుకోవాలంటే దేన్ని పట్టుకోమంటారు?

వ్యాకరణం పక్షం

అర్థమయ్యేదాన్నే పట్టుకోండి. పెద్దయ్యాక భాష నేర్చుకునేవారికి నియమమే ఆసరా. ఎత్ర్, అవ్వార్, అలే, ఫేర్ (ఉండు, కలిగి ఉండు, వెళ్లు, చేయు) అనే నాలుగు క్రియల రూపాలు నోటికి వస్తే చాలా దూరం వెళ్లవచ్చు. అయితే కొనేముందు జవాబులు అదే పుస్తకంలో ఉన్నాయో లేదో చూసుకోండి. చాలామంది వాడే ‘గ్రామేర్ ప్రోగ్రెసీవ్’లో ఎడమ పేజీ వివరణ, కుడి పేజీ అభ్యాసాలు. జవాబుల పుస్తకం వేరు.

ఫ్రెంచి బోధకురాలు

నేను గట్టిగా విభేదిస్తాను. మనం తెలుగును రాసినట్టే చదువుతాం. ఆ అలవాటుతో ఫ్రెంచిని కంటితో మొదలుపెడితే చెవి మూసుకుపోతుంది. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాళ్లు మాట్లాడతారు: ఈ మూడింటికీ క్రియ పలికేది ‘పార్ల్’ అనే. రాతలో మాత్రం చివర ఇ, ఇఎస్, ఇఎన్‌టి వస్తాయి. పట్టికలో చూసి బట్టీపట్టినవారు మూడోదాన్ని ‘పార్లెంట్’ అని చదువుతారు. అది మాన్పించడానికి నాకు నెలలు పడుతుంది.

ఇంకొకటి. ‘మంచి’ అనే మాట పుంలింగంలో ‘బోఁ’, స్త్రీలింగంలో ‘బోన్’. మొదటిది మన పాత పుస్తకాల అరసున్న లాంటిది, ముక్కుతో పలికి వదిలేయాలి. నకారం పూర్తిగా పలికితే లింగమే మారిపోతుంది. దీన్ని ఏ పేజీ నేర్పుతుంది? వినాలి, అనాలి, మళ్లీ వినాలి. డెల్ఫ్ ఏ1 అనే ప్రారంభ స్థాయి ఫ్రెంచి ప్రావీణ్య పరీక్షలో కూడా వినడానికి 25, మాట్లాడడానికి 25 మార్కులు. మొత్తం వందలో అది సగం. వ్యాకరణానికి విడిగా ఒక విభాగమే లేదు.

మరో అభ్యాసి

ఇంగ్లీషులో వివరించే పుస్తకాలతో నా ఇబ్బంది వేరు. ‘త్యు’ ఎవరిని అనాలి, ‘వూ’ ఎవరిని అనాలి అని పేజీలకు పేజీలు రాస్తారు. నువ్వు, మీరు తేడా పుట్టుకతో తెలిసిన మనకు అంత వివరణ ఎందుకు?

వ్యాకరణం పక్షం

ఉచ్చారణ గురించి బోధకురాలు గారు అన్నది కాదనను. కానీ సూచనే అర్థం కాని పుస్తకాన్ని ఎన్నాళ్లు మోస్తారండీ? అలా మొదటి నెలలోనే వదిలేసినవారిని చూశాను. వ్యాకరణంతో పునాది వేసుకుని, మూడో నెలలో ‘ల పెతి ప్రాఁస్’ (చిన్న రాకుమారుడు) లాంటి చిన్న కథ చదివితే ఉత్సాహం నిలుస్తుంది.

ఫ్రెంచి బోధకురాలు

సూచనల్లో వచ్చే క్రియలు పదో పదిహేనో. ఎకుతే అంటే వినండి, లిజే అంటే చదవండి, రెపోఁదే అంటే జవాబివ్వండి, కోఁప్లెతే అంటే పూరించండి. అట్ట లోపల రాసి పెట్టుకుంటే వారంలో చూడనక్కర్లేకుండా పోతుంది.

ఆ కథను మూడో నెలలో మాత్రం వద్దు. 1943లో వచ్చిన ఆ పుస్తకం పిల్లల కథలా కనిపిస్తుంది గానీ, అందులో కథనం చాలావరకు ‘పాసే సేఁప్ల్’ అనే రాతకే పరిమితమైన భూతకాలంలో నడుస్తుంది. ‘చేశాను’ అనడానికి మనుషులు ‘జే ఫే’ అంటారు, ఆ కాలంలో అది ‘జె ఫి’ అవుతుంది. మాట్లాడడానికి పనికిరాని రూపాలతో మొదలుపెట్టడం దేనికి? ఏడాది తర్వాత కామూ రాసిన ‘లెత్రాఁజే’ (1942) నవల చదవమనండి, సంతోషిస్తాను. అందులో కథ చాలావరకు మాటల్లో వాడే భూతకాలంలోనే సాగుతుంది, వాక్యాలూ పొట్టివి.

కొత్త అభ్యాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాఠ్యపుస్తకం మూసేసి రెండో పాఠం ఆడియో మాత్రమే విన్నాను. మొదటిసారి ఏమీ పట్టుకోలేదు. నాలుగోసారికి బోఁ, బోన్ విడివిడిగా వినిపించాయి. దీనితోనే వెళ్తాను. పాఠంలో తగిలిన నియమం కోసం మాత్రం వ్యాకరణం తెరుస్తాను. అన్నట్టు, నా పాఠ్యపుస్తకం వెనక జవాబులు లేవు. అవి వేరే పుస్తకంగా దొరుకుతాయేమో చూడాలి.