గిట్‌హబ్‌ను బిల్డ్ సర్వీసుకు కలిపాను, ఆర్గనైజేషన్ రెపో మాత్రం జాబితాలో రావడం లేదు

కొత్తచిగురు
అందరికీ నమస్తే. మా టీమ్ కోడ్ గిట్‌హబ్‌లో ఉంటుంది. అది మారిన ప్రతిసారీ దానంతటదే కట్టి పరీక్షించేలా ఆటోమేటిక్ బిల్డ్ పెట్టే పని నా నెత్తిన పడింది. ఆన్‌లైన్ బిల్డ్ సర్వీసు ఒకటి ఎంచుకుని, "గిట్‌హబ్‌తో లాగిన్" నొక్కి, అది అడిగినదానికల్లా సరే అన్నాను. నా సొంత రెపోలు (కోడ్ దాచే అరలు) మూడూ వచ్చాయి. అసలు కావలసింది ఆర్గనైజేషన్ (టీమ్ ఉమ్మడి ఖాతా) కింద ఉన్న ప్రైవేట్ రెపో, అదొక్కటే లేదు. లాగౌట్ అయి మళ్ళీ వచ్చాను, కుకీలు తుడిచాను, వేరే బ్రౌజర్లో కూడా చూశాను. ఆ రెపోలోకి నేను రోజూ పుష్ చేస్తూనే (కోడ్ పంపుతూనే) ఉన్నాను. అంటే నాకు యాక్సెస్ ఉన్నట్టే కదా?

పాతకాపు
మీకు ఉంది, సర్వీసుకు లేదు. మీ పేరు చెప్పుకుని వచ్చిన యాప్ అయినా సరే, ఆర్గనైజేషన్ గుమ్మం దగ్గర ఓనర్ అనుమతి కావాలి. కొత్తగా తెరిచిన ఆర్గనైజేషన్లకు ఈ కట్టడి మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. మీరు సరే నొక్కిన పేజీలో ఆర్గనైజేషన్ పేరు పక్కన "రిక్వెస్ట్" అని చిన్న బటన్ ఉండి ఉంటుంది. పెద్ద పచ్చ బటన్ మీదున్న కళ్ళకు అది ఆనదు. ఇప్పుడు మీ గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్, అందులో ఆథరైజ్డ్ ఓఆథ్ యాప్స్ (మీ పేరు మీద పనిచేయడానికి మీరు ఒప్పుకున్న యాప్‌లు) తెరిచి, ఆ సర్వీసు పేరు నొక్కండి. ఆర్గనైజేషన్ పక్కన ఎర్ర ఇంటూ ఉందా, పచ్చ టిక్కు ఉందా చెప్పండి.

నిద్రలేనిరాత్రి
ఆ పేజీలో సర్వీసు పేరే కనబడకపోతే మాత్రం కంగారు పడకండి. కొన్ని సర్వీసులు ఓఆథ్ యాప్ కాదు, గిట్‌హబ్ యాప్‌గా వస్తాయి. పేర్లు ఒకేలా ఉన్నా రెండూ వేరు: ఓఆథ్ యాప్ మీ పేరు మీద నడుస్తుంది, గిట్‌హబ్ యాప్ తనకిచ్చిన సొంత హక్కులతో నడుస్తుంది. గిట్‌హబ్ యాప్‌ను ఆర్గనైజేషన్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "అన్ని రెపోలా, ఎంచుకున్నవి మాత్రమేనా" అని అడుగుతుంది. రెండోది ఎంచుకుంటే, ఆ తర్వాత పుట్టిన రెపో ఏదీ దానంతటది చేరదు. ఈ ముక్క తెలియక నేను ఒక పూట పోగొట్టుకున్నాను. కొత్త రెపో కనబడటం లేదని కాన్ఫిగ్ ఫైల్లో ఖాళీలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

కొత్తచిగురు
ఎర్ర ఇంటూనే! రిక్వెస్ట్ నొక్కాను, ఓనర్ గారికి మెయిల్ వెళ్ళింది. ఆయన చూసేలోపు ఒక సందేహం. ఆ పేజీని ఈసారి నిదానంగా చదివితే, నా పబ్లిక్, ప్రైవేట్ రెపోలన్నింటికీ చదివే హక్కూ రాసే హక్కూ కావాలని ఉంది. బిల్డ్ చేసేవాడికి కోడ్ చదివితే చాలదా? రాయడం ఎందుకు?

పాతకాపు
మంచి ప్రశ్న, చాలామంది అడగకుండానే నొక్కేస్తారు.

కొంత నిజంగానే అవసరం. పుష్ జరిగినప్పుడు సర్వీసుకు కబురు వెళ్ళాలంటే రెపోలో వెబ్‌హుక్ (ఆ కబురు పంపే ఏర్పాటు) పెట్టాలి. బిల్డ్ పాసయిందో లేదో కమిట్ (మీరు సేవ్ చేసిన మార్పు) పక్కన చూపాలంటే స్టేటస్ రాయాలి. కానీ అసలు కారణం ఇది కాదు. ఓఆథ్‌లో ప్రైవేట్ కోడ్ చదవాలంటే "రెపో" అనే ఒకే ఒక్క స్కోప్ (హక్కుల మూట) ఉంది. చదవడానికి మాత్రమే అని దానికి చిన్న రూపం లేదు. వంటగది చూస్తానంటే ఇంటి తాళాలగుత్తి మొత్తం చేతికివ్వడం లాంటిది. గిట్‌హబ్ యాప్ పద్ధతిలో రెపో రెపోకీ, పని పనికీ విడిగా హక్కులుంటాయి. పైగా దాని ఇన్‌స్టలేషన్ టోకెన్ (లోపలికి రావడానికి యాప్ చూపే తాళంచెవి) గంటలో చచ్చిపోతుంది. ఓఆథ్ టోకెన్‌ను మీరు తీసేసేదాకానో, ఏడాదిపాటు వాడకుండా వదిలేసేదాకానో అది బతికే ఉంటుంది.

భయపెట్టడానికి చెప్పడం లేదు గానీ, 2022 ఏప్రిల్‌లో హెరోకూ, ట్రావిస్ సీఐ అనే సర్వీసులకు జారీ అయిన ఓఆథ్ టోకెన్లు దొంగల చేతికి చిక్కి, పదుల కొద్దీ ఆర్గనైజేషన్ల ప్రైవేట్ రెపోలు డౌన్‌లోడ్ అయ్యాయి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పంచే ఎన్‌పీఎం కూడా అందులో ఉంది. 2023 జనవరిలో సర్కిల్ సీఐ అనే బిల్డ్ సర్వీసు తన కస్టమర్లందరినీ అక్కడ దాచుకున్న రహస్యాలన్నీ (పాస్‌వర్డ్‌లు, టోకెన్లు) మార్చుకోమంది. అక్కడ ఒక ఇంజనీరు ల్యాప్‌టాప్‌లోకి మాల్వేర్ చొరబడి లాగిన్ సెషన్‌ను ఎత్తుకుపోయింది, రెండంచెల లాగిన్ ఉన్నా సరే. కాబట్టి రెండు దారులూ ఇచ్చే సర్వీసయితే గిట్‌హబ్ యాప్ దారే పట్టండి.

గవ్వలసంచి
ఇదంతా ఎందుకు? డిప్లాయ్ కీ పెట్టుకోండి. ఒక ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే కీ జత), ఒక రెపో, చదివే హక్కు మాత్రమే. ఆ రెపో అడ్మిన్ ఒకసారి పెడితే చాలు.

నిద్రలేనిరాత్రి
గవ్వలసంచి గారూ, సబ్‌మాడ్యూల్ (రెపో లోపల ఇమిడిన ఇంకో రెపో) లేనంతవరకే ఆ ముచ్చట. రెండో ప్రైవేట్ రెపోకు అదే కీ పెట్టబోతే "ఈ కీ ఇప్పటికే వాడుకలో ఉంది" అని తోసిపుచ్చుతుంది. రెపోకో కీ చొప్పున చేసుకుని, ఏ రెపోకు ఏదో కాన్ఫిగ్‌లో విడదీసుకుంటూ పోవాలి. నాలుగు సబ్‌మాడ్యూళ్ళతో చేసి చూశాను, ఇంకోసారి చేయను. ఇంకో మాట, డిప్లాయ్ కీతో క్లోన్ అవుతుంది (కోడ్ కాపీ దిగుతుంది), అంతే. పుష్ కబురు పంపడం, స్టేటస్ రాయడం దాని పని కాదు.

గవ్వలసంచి
ఒకే రెపో ఉన్నవాళ్ళకు చెప్పాను లెండి. అయితే కీ వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2023 మార్చిలో గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీ (అది అసలు గిట్‌హబ్ సర్వరేనని రుజువు చేసే కీ) మార్చింది, దాని ప్రైవేట్ భాగం కొద్దిసేపు ఒక పబ్లిక్ రెపోలో బయటపడినందుకు. పాత హోస్ట్ కీని బిల్డ్ మెషీన్లలో రాసిపెట్టుకున్న చోట్ల, కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే క్లోన్ ఆగిపోయింది. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు హోస్ట్ చెకింగ్ ఆపేసి ముందుకు పోకండి. గిట్‌హబ్ ప్రకటించిన వేలిముద్రతో పోల్చి, కొత్తది రాసుకోండి.

కొత్తచిగురు
ఓనర్ గారు అనుమతించారు, రెపో వచ్చింది! కానీ కథ ఇంకో మలుపు తిరిగింది. సర్వీసులోకి వెళ్ళి బిల్డ్ బటన్ నొక్కితే నడుస్తోంది. పుష్ చేస్తే మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. మూడు ఖాళీ కమిట్లు పంపి చూశాను.

ఎర్రలైటు
వెబ్‌హుక్ చూడు తమ్ముడూ. రెపో సెట్టింగ్స్‌లో వెబ్‌హుక్స్, అందులో రీసెంట్ డెలివరీస్. హుక్ పెట్టగానే గిట్‌హబ్ ఒక పింగ్ పంపుతుంది, దానికి 200 (అందింది అనే) జవాబు వచ్చిందో లేదో అక్కడే ఉంటుంది. జవాబు 10 సెకన్లలో రాకపోతే అది ఫెయిలయినట్టే, దానంతటది మళ్ళీ పంపదు. రీడెలివర్ నువ్వే నొక్కాలి.

సొంతంగా జెంకిన్స్ (సొంత సర్వర్ మీద పెట్టుకునే బిల్డ్ టూల్) నడిపేవాళ్ళు ఈ దారం చదువుతుంటే వాళ్ళకు ఒక ముక్క: గిట్‌హబ్ ప్లగిన్‌కు ఇచ్చే వెబ్‌హుక్ చిరునామా చివర స్లాష్ ఉండాలి. అది మరిచిపోయి ఫైర్‌వాల్‌ను తిట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇక జెంకిన్స్ నిజంగానే ఫైర్‌వాల్ లోపల ఉండి, బయటి నుంచి కబురు రాలేకపోతే, అయిదు నిమిషాలకోసారి అదే వెళ్ళి రెపోను తొంగి చూసేలా పోలింగ్ పెట్టుకోవడం ఒక తేలిక దారి. కొంచెం ఆలస్యం, కానీ నడుస్తుంది.

కొత్తచిగురు
ఎర్రలైటు అన్నా, నాకు ఆ రెపోలో సెట్టింగ్స్ ట్యాబే లేదు.

ఎర్రలైటు
ఆ మాట ముందే చెప్పొద్దూ! దొరికింది. నీకున్నది రైట్ పర్మిషన్, అడ్మిన్ కాదు. వెబ్‌హుక్ పెట్టాలంటే అడ్మిన్ అయి ఉండాలి. సర్వీసు నీ టోకెన్‌తో పోయి హుక్ పెట్టబోయింది, గిట్‌హబ్ కాదంది, సర్వీసు ఆ సంగతి నీకు చెప్పకుండా మింగేసింది. నీ చేత కానిది నీ టోకెన్ చేత కూడా కాదు. ఓనర్‌నే సర్వీసులోకి లాగిన్ చేయించి, ప్రాజెక్టు ఆయన చేత ఆన్ చేయించు.

మూడోకన్ను
ఆగండి, ఓనర్ వ్యక్తిగత ఖాతాతో కలిపితే ఇంకో గొయ్యి తవ్వుకున్నట్టే. మేం పడి లేచాం. మా బిల్డులన్నీ ఒక సీనియర్ ఖాతా మీద ఆయన ఎప్పుడో కలిపినవి. ఆయన ఉద్యోగం మానేశారు, పద్ధతి ప్రకారం ఆర్గనైజేషన్ నుంచి ఆయన పేరు తీసేశారు. సోమవారం పొద్దున్నే అన్ని బిల్డులూ ఎర్రగా ఉన్నాయి. లాగ్‌లో ఏముందో తెలుసా? "రెపోజిటరీ దొరకలేదు". ప్రైవేట్ రెపో విషయంలో గిట్‌హబ్ నీకు హక్కు లేదని చెప్పదు, అసలలాంటిదే లేదంటుంది. ఉందని ఒప్పుకుంటే అదీ ఒక రహస్యం బయటపెట్టినట్టే కదా, అందుకు. మేం మాత్రం రెపోను ఎవరో డిలీట్ చేశారనుకుని బ్యాకప్‌లు వెతికాం.

గవ్వలసంచి
మరి మెషీన్ ఖాతా పెట్టుకోవచ్చుగా? మనిషిది కాని ఖాతా ఒకటి, బిల్డుల కోసమే. ఉచిత మెషీన్ ఖాతా మనిషికి ఒకటి ఉండవచ్చని గిట్‌హబ్ నిబంధనల్లోనే ఉంది.

మూడోకన్ను
పెట్టుకోవచ్చు, మేం ఒక ఏడాది అలాగే నడిపాం. దాని చికాకులు దానివి. ఆ ఖాతా మెయిల్ ఎవరు చూస్తారు, రెండంచెల లాగిన్ కోడ్ ఎవరి ఫోన్లో ఉంటుంది, ఆ ఫోన్ పోతే ఏంటి? రికవరీ కోడ్లు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. గిట్‌హబ్ యాప్ అయితే ఆర్గనైజేషన్‌కే అతుక్కుని ఉంటుంది. ఎవరు పెట్టారన్నది తర్వాత లెక్కలోకి రాదు, ఆ మనిషి వెళ్ళిపోయినా నడుస్తుంది. గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్ వాడేవాళ్ళకు ప్రాజెక్ట్ టోకెన్, గ్రూప్ టోకెన్ ఉన్నాయి, దాదాపు ఇదే పని చేస్తాయి. కాకపోతే 16.0 వెర్షన్ నుంచి టోకెన్‌కు మామూలుగా గడువు ఉంటుంది, అది తీరే రోజు క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.

కొత్తచిగురు
ఓనర్ గారితో కూర్చుని అలాగే చేశాం. గిట్‌హబ్ యాప్‌గా ఇన్‌స్టాల్ చేసి, రెండే రెపోలు ఎంచుకున్నాం. పుష్ చేయగానే బిల్డ్ మొదలైంది! నా ఖాతా మీదున్న పాత ఓఆథ్ అనుమతి రద్దు చేసేయవచ్చా?

పాతకాపు
కొత్త దారిలో ఒక బిల్డ్ పచ్చగా వచ్చేదాకా ఆగి, తర్వాత తీసేయండి. ఆ సర్వీసులోకి లాగిన్ కూడా దానితోనే అయితే మాత్రం అది మళ్ళీ అడుగుతుంది. అప్పుడు ఎంత అడుగుతోందో చదివి మరీ నొక్కండి.

కొత్తచిగురు
తీసేశాను, బిల్డ్ పచ్చగానే ఉంది. చివరిగా ఒకటి. పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు మెయిన్ కోడ్‌లో కలపమనే విన్నపం) తెరిచి ఉన్న బ్రాంచ్‌లోకి ఒక్కసారి పుష్ చేస్తే రెండు బిల్డులు నడుస్తున్నాయి. ఇదేమైనా తప్పా?

ఎర్రలైటు
తప్పు కాదు. పుష్ ఒక ఈవెంట్, పుల్ రిక్వెస్ట్ అప్‌డేట్ ఇంకో ఈవెంట్. రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ, చాలా సర్వీసుల్లో మొదటిది నీ బ్రాంచ్‌ను ఉన్నదున్నట్టు కడుతుంది, రెండోది మెయిన్‌తో కలిపితే ఎలా ఉంటుందో అది కడుతుంది. రెండోదే ఎక్కువ పనికొస్తుంది. పుష్ బిల్డ్‌ను మెయిన్ బ్రాంచ్‌కు మాత్రమే ఉంచి మిగతా వాటికి ఆపేయి.

కొత్తచిగురు
ఆపేశాను. ఇప్పుడు పుల్ రిక్వెస్ట్‌లో బిల్డ్ పాసయినా మెర్జ్ బటన్ పనిచేయడం లేదు. "స్టేటస్ కోసం ఎదురుచూస్తోంది" అని పసుపు చుక్క గంట నుంచి అలాగే ఉంది.

నిద్రలేనిరాత్రి
బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో (మెయిన్‌లో కలపడానికి పాటించాల్సిన నియమాలు) తప్పనిసరి చెక్‌ల జాబితా చూడమనండి ఓనర్ గారిని. రెండు బిల్డులు నడిచిన రోజున ఆయన రెండింటినీ టిక్కు పెట్టి ఉంటారు. మీరు ఆపేసిన ఆ పుష్ చెక్ కోసం అది ఇప్పటికీ కాచుకుని కూర్చుంది.

కొత్తచిగురు
అదే! ఆయనే పెట్టారట, నిన్న మధ్యాహ్నం. తీయించాను, మెర్జ్ అయింది.