ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతోంది, చల్లారితే మళ్ళీ స్టార్ట్ అవుతోంది, ఏంటి రోగం?

పాతబండి_కోవెంట్రీ:

అందరికీ నమస్కారం. నేనుండేది యూకేలో, కోవెంట్రీ. రెండేళ్ళ కింద ఒక 1970 ఎంజీబీ రోడ్‌స్టర్ కొన్నా, ఇంట్లో "ఉన్న కారు చాలలేదా" అన్నారు, అది వేరే కథ. 1798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ కార్బరేటర్లు, పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంట్‌ని తెరిచి మూసే స్విచ్), వాటి దగ్గర మెరుపు రాకుండా ఆపే కండెన్సర్, అన్నీ అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఎలా పెట్టారో అలాగే ఉన్నాయి, ఎలక్ట్రానిక్ అనే మాటే లేదు.

ప్రాబ్లం ఏంటంటే పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంటుంది, ఇరవై ఇరవై ఐదు నిమిషాలు వెన్నలా పోతుంది, తర్వాత రెండు మూడు కుదుపులు, అంతే, ఆగిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. బానెట్ ఎత్తి ఇంకో ఇరవై నిమిషాలు కూర్చుంటే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మొన్న ఆదివారం పిల్లల్ని గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియంకి తీసుకెళ్తుంటే వారిక్ దగ్గర ఏ46 మీద ఆగిపోయింది, పక్కనుంచి లారీలు పోతుంటే బండి ఊగిపోతోంది. బ్రేక్‌డౌన్ వ్యాన్ పిలిచా, ఆయన వచ్చేసరికి చల్లారిపోయింది కదా, తాళం తిప్పగానే స్టార్ట్! డాక్టర్ దగ్గరికి వెళ్ళగానే జ్వరం తగ్గిపోయినట్టు. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

మార్చిలో ఫుల్ సర్వీస్ నేనే చేసుకున్నా. ప్లగ్గులు ఎన్‌జీకే బీపీ6ఈఎస్, గ్యాప్ 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), పాయింట్లు 15 థౌ, కండెన్సర్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకీ పంచేది) క్యాప్, వైర్లు అన్నీ కొత్తవే, పెట్రోల్ ఫిల్టర్ కూడా. కాబట్టి కరెంట్ సైడ్ ప్రాబ్లం ఉండదు అనుకుంటున్నా. పెట్రోల్ పంప్ మార్చేయమంటున్నాడు ఇక్కడ తెలిసినాయన ఒకాయన, వంద పౌండ్ల పైనే అవుతుంది. మార్చేయనా?


బెజవాడ_అంబాసిడర్:

తమ్ముడూ ఇది వేపర్ లాక్, అనుమానమే లేదు. మా నాన్నగారు పాతికేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపారు. నీకు తెలుసో లేదో అంబాసిడర్‌లో ఉండేది కూడా నీ బండి ఇంజన్ వంశమే, బీఎంసీ బి సిరీస్, మనది 1489 సీసీ, నీది 1798, అంతే తేడా, అన్నదమ్ముల పిల్లల్లాంటివి. మే నెలలో ఏలూరు రోడ్డు మీద అచ్చం నువ్వు చెప్పినట్టే ఆగిపోయేది. వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోయి పంప్ లాగలేకపోయేది. నాన్నగారు సీటు కింద ఒక పాత తువ్వాలు, నీళ్ళ సీసా ఎప్పుడూ ఉంచేవారు, తడిపి పంప్ మీద చుట్టి ఒక బీడీ కాల్చుకునేసరికి బండి రెడీ. నువ్వు కూడా తడిగుడ్డ వేసి చూడు, ఖర్చు లేని వైద్యం.

పైగా ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు, త్వరగా ఆవిరవుతుంది. ఇక్కడ మాకు ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్, వచ్చేసింది.


గోదారోడి_గ్యారేజ్:

బెజవాడ అన్నగారి మాట కాదనట్లేదు గానీ ఒక్క తేడా ఉందండి. అంబాసిడర్‌లో పంప్ ఇంజన్ బ్లాక్‌కే బిగించి ఉంటుంది, మెకానికల్, వేడి ఇంజన్ పక్కన కూర్చుని ట్యాంక్ నుంచి పెట్రోల్ లాగుతుంది. ఎంజీబీలో ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంప్ వెనకాల, ట్యాంక్ దగ్గర ఉంటుంది, అది ముందుకి తోస్తుంది. లాగేదానికి ఆవిరి అడ్డం పడినంత తేలిగ్గా తోసేదానికి పడదు. అదీ కాక కోవెంట్రీలో పద్దెనిమిది డిగ్రీలకి వేపర్ లాక్ అంటే బెజవాడలో ఇక బళ్ళే తిరగవు. నాది 1972 ఎంజీబీ జీటీ, బర్మింగ్‌హామ్‌లో ఉంటా, పదకొండేళ్ళుగా దాని కిందే పడుకుంటున్నా కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, పంప్ కొనకండి, ఇప్పుడే కొనకండి.

మీరు రాసినదాంట్లో నాకు అనుమానం వచ్చిన ముక్క "అన్నీ కొత్తవే" అన్నది. ఈ బళ్ళకి ఈ మధ్య వచ్చే కొత్త కండెన్సర్లు, రోటర్లు నేను నాలుగైదు చూశా, పెట్టిన నెలకే పోయాయి. కొత్తది అంటే మంచిది అని అర్థం కాదండి.

బండి చచ్చిన ఆ క్షణంలోనే కనుక్కోవాలి, పోయింది కరెంటా పెట్రోలా అని. చల్లారాక ఎంత వెతికినా దొరకదు. ఈసారి కుదుపు మొదలవగానే క్లచ్ తొక్కకండి, గేర్లోనే ఉంచి రెవ్ కౌంటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ముల్లు చూడండి. మీ బండిలో ఆ ముల్లు కాయిల్ (స్పార్క్‌కి వోల్టేజ్ పెంచేది) కరెంట్ మీద నడుస్తుంది, కేబుల్ కాదు. బండి ఇంకా దొర్లుతుండగానే ముల్లు ఠక్కున సున్నాకి పడిపోతే కాయిల్, పాయింట్ల సర్క్యూట్‌లో ఏదో తెగింది లేదా షార్ట్ అయింది అని. బండి స్పీడుతో పాటే మెల్లగా దిగితే పెట్రోల్ అన్నా అయుండాలి, క్యాప్, రోటర్, ప్లగ్ వైర్లలో అన్నా పోయుండాలి.

తర్వాత పక్కకి ఆపి తాళం ఆన్ చేసి, ఇంజన్ తిప్పకుండా, చెవి వెనక్కి పెట్టండి. పంప్ రెండు మూడు సార్లు టక్ టక్ మని ఆగిపోతే కార్బరేటర్ గిన్నెలు నిండే ఉన్నాయి, పెట్రోల్ ఉంది. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే గాలి పీలుస్తోంది లేదా ట్యాంక్ ఖాళీ. అసలు చప్పుడే లేకపోతే గిన్నెలు నిండైనా ఉండాలి, పంప్ అయినా ఇరుక్కోవాలి, అప్పుడు కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి ఒక జాడీలోకి పట్టండి, నిమిషానికి ఒక పింట్ అన్నా రావాలి. ఆ జాడీ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పట్టకండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకోండి. ట్యాంక్ మూత కూడా ఒకసారి తిప్పి చూడండి, బుస్ మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలో రంధ్రం పూడిపోయినట్టే.

ఇథనాల్ మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ ఈ10, పాత రబ్బర్ పైపుల్ని అది తినేస్తుంది. సూపర్ అన్‌లెడెడ్ ఈ5 పోయించండి. కానీ మీ రోగం అది కాదు.


వరంగల్_స్పిట్‌ఫైర్:

అన్నా నా ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారుకి గిట్లనే అయింది, నేనైతే కాయిల్ మార్చిన, పంప్ మార్చిన, పైసలన్నీ పోయినయ్, ఆఖరికి చూస్తే డిస్ట్రిబ్యూటర్ లోపల ఒక చిన్న వైర్, పాయింట్ల ప్లేట్‌ని బాడీకి ఎర్త్ చేసేది, జడ లెక్క అల్లి ఉంటది. స్పార్క్ టైమింగ్ జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ ఆ ప్లేట్‌ని అటు ఇటు తిప్పుతుంటది కదా, తిప్పి తిప్పి లోపల తెగిపోయింది, పైకి మంచిగనే కొడుతది. వేడైతే విడిపోవుడు, చల్లారితే తగులుకొనుడు. ముందు అది చూడు.

లేకుంటే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టేయ్, ఈ పాయింట్ల లొల్లే ఉండదు.


గోదారోడి_గ్యారేజ్:

వరంగల్ బ్రదర్ చెప్పిన వైర్ నిజమే, చాలా మందికి అదే. కిట్ మాత్రం ఎవరిష్టం వాళ్ళది, నేను పెట్టుకోలేదు. పాయింట్లు పోతే రోడ్డు పక్కన గోళ్ళు అరగదీసే అట్టతో గీకి అయినా ఇంటికి రావచ్చు, కిట్ పోతే అలా కూర్చోవడమే. కిట్ పెట్టినవాళ్ళు కూడా డిక్కీలో పాయింట్ల సెట్ స్పేర్ పెట్టుకునే తిరుగుతారు, మరి దానికెందుకు.

వైరా కండెన్సరా తేల్చడానికి ఒక పన్నెండు వోల్టుల టెస్ట్ ల్యాంప్ చాలు. బండి చచ్చినప్పుడు ల్యాంప్ ఒక కొస కాయిల్ మైనస్‌కి, ఇంకోటి బాడీకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా వెలిగి, మూసుకున్నప్పుడల్లా ఆరాలి, మిణుకు మిణుకు మనాలి. ఎప్పుడూ వెలిగే ఉంటే ఎర్త్ తెగింది, వరంగల్ వారి వైర్. అసలు వెలగకపోతే, కాయిల్ ప్లస్ దగ్గర కరెంట్ ఉండి కూడా, అప్పుడు కాయిల్ లోపల అన్నా తెగి ఉండాలి, డిస్ట్రిబ్యూటర్‌లో ఏదో ఎప్పుడూ ఎర్త్ అయిపోయి అన్నా ఉండాలి. మీది 1970 కాబట్టి నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ బాడీకి ఉంటుంది. 1967 చివరి దాకా వచ్చినవి పాజిటివ్ ఎర్త్, వాటికి కాయిల్ కనెక్షన్ తిరగేసి ఉంటుంది, అవి ఉన్నవాళ్ళు ఇది చదివి కంగారు పడకండి.


పాతబండి_కోవెంట్రీ:

అప్‌డేట్. శనివారం ఇంటి చుట్టుపక్కలే, కెనిల్‌వర్త్ వైపు రౌండ్లు కొట్టా, ఆగితే నడిచి అయినా ఇంటికి రావచ్చని. ఇరవై రెండో నిమిషంలో కుదుపు వచ్చింది, గోదారి గారు చెప్పినట్టు క్లచ్ తొక్కకుండా చూశా, బండి నలభైలో దొర్లుతూనే ఉంది, ముల్లు మాత్రం ఎవరో కిందకి లాగినట్టు ఠప్పున సున్నా! ఒళ్ళు జలదరించింది నిజంగా, ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉంది ఆ ముల్లు. పక్కకి ఆపి తాళం ఆన్ చేస్తే పంప్ రెండు సార్లు టక్ టక్ మని ఊరుకుంది. పెట్రోల్ ఉంది. వంద పౌండ్లు మిగిలాయి.

మా ఆవిడని కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టమన్నా, ల్యాంప్ పెట్టా, వెలగలేదు. కాయిల్ ప్లస్‌కి పెడితే వెలిగింది. డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వైర్ కాయిల్ మైనస్ నుంచి పీకేసి అక్కడ ల్యాంప్ పెట్టగానే వెలిగింది. అంటే లోపలే ఏదో ఎర్త్ అవుతోంది. ఆ వైర్ మళ్ళీ తగిలించి క్యాప్ తీసి, పాయింట్ల మధ్య విజిటింగ్ కార్డ్ దోపా, ల్యాంప్ అయినా వెలగలేదు. కండెన్సర్ వైర్ ఊడదీశా, వెలిగింది!! మార్చిలో పెట్టిన కొత్త కండెన్సర్, వేడెక్కితే లోపల షార్ట్ అయిపోతోంది. చేతికి కాలింది కూడా, పట్టించుకోలేదు.

ఇప్పుడు అసలు కామెడీ. మార్చిలో తీసేసిన పాత కండెన్సర్ పారేయలేదు, బిస్కట్ డబ్బాలో వేసి ఉంచా. దాన్నే పెడదామని కూర్చున్నా. పాయింట్ల స్తంభం మీద ఒక నైలాన్ వాషర్, దాని మీద పాయింట్ స్ప్రింగ్, దాని మీద ఒక టోపీ లాంటి నైలాన్ బుష్, రెండు వైర్ల కళ్ళూ ఆ బుష్ మెడకి తగిలి స్ప్రింగ్‌ని తాకాలి కానీ మధ్యలో స్తంభాన్ని తాకకూడదు. నేను తొందరలో కళ్ళని బుష్ పైన పెట్టి నట్ బిగించేశా, చచ్చింది, అసలు స్పార్కే లేదు. గంట సేపు కాయిల్ పోయిందేమో అనుకున్నా. మళ్ళీ విప్పితే చిన్న స్క్రూ జారి డిస్ట్రిబ్యూటర్ లోపల పడిపోయింది, మాగ్నెట్ పట్టుకుని తీసేసరికి చీకటి పడింది. ఈసారి ముందే చుట్టూ గుడ్డ కుక్కండి ఎవరైనా. బుష్ సరిగ్గా పెట్టి, గ్యాప్ మళ్ళీ 15 థౌ చేసి, గ్యాప్ మారితే టైమింగ్ కూడా కొంచెం జరుగుతుంది కదా, స్ట్రోబ్ లైట్‌తో అది కూడా చూసుకుని స్టార్ట్ చేశా. నిన్న గేడన్ వెళ్ళి వచ్చాం, ఎక్కడా ఆగలేదు, దారిలో పిల్లలు "నాన్నా ఇంకా ఆగలేదేంటి" అని అడుగుతూనే ఉన్నారు.


వరంగల్_స్పిట్‌ఫైర్:

మంచిగైంది అన్నా. కానీ ఆ ఎర్త్ వైర్ కూడా ఒకసారి గుంజి చూడు, యాభై ఏండ్ల వైర్ అది.


గోదారోడి_గ్యారేజ్:

సూపర్ అండి. అది మాత్రం షార్ట్ అయింది కాబట్టి తేలిగ్గా దొరికింది. కండెన్సర్ షార్ట్ కాకుండా లోపల తెగితే ఇంకో రకంగా ఏడిపిస్తుంది, బండి నడుస్తుంది కానీ మిస్సింగ్ కొడుతుంది, స్పార్క్ నీలంగా కాకుండా పసుపుగా నీరసంగా వస్తుంది, పాయింట్ల మొహాలు నల్లగా కాలిపోతాయి. పాయింట్లు తెరుచుకున్నప్పుడు ఎగరబోయే కరెంట్‌ని మింగేది అదే కదా, అది లేకపోతే అక్కడే మెరుపు, ప్లగ్‌కి వెళ్ళేది మిగలదు. అప్పుడు మంచి కండెన్సర్ ఒకటి కాయిల్ మైనస్‌కి, బాడీకి మధ్య బయటే తగిలించి ఇంటికి రావచ్చు. షార్ట్ అయినదాన్ని మాత్రం ముందు ఊడదీయాలి, లేకపోతే ఎన్ని తగిలించినా దండగ. ఇంకో పాతది ఎక్కడన్నా దొరికితే ఆ బిస్కట్ డబ్బాలో వేసుకోండి.


బెజవాడ_అంబాసిడర్:

సరేలే తమ్ముడూ, ఈసారికి నా తడిగుడ్డ ఓడిపోయింది. కానీ ఒక మాట గుర్తొచ్చింది, నాన్నగారు డాష్‌బోర్డ్ అరలో ఎప్పుడూ ఒక పాత కండెన్సర్ కాగితంలో చుట్టి పెట్టుకునేవారు, చిన్నప్పుడు అదేంటో తెలియక ఆడుకుంటుంటే వీపు పగలగొట్టారు. ఇవాళ తెలిసింది ఎందుకో. బండి ఫొటో పెట్టు చూద్దాం, ఏ రంగు?


పాతబండి_కోవెంట్రీ:

బ్రిటిష్ రేసింగ్ గ్రీన్ అన్నగారూ, ఫొటో రేపు పొద్దున వెలుగులో తీసి పెడతా. అందరికీ పేరు పేరునా థాంక్స్. గేడన్ నుంచి వచ్చేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (హైవే మీద వాడే అదనపు గేర్) స్విచ్ వేస్తే పడలేదు, అసలు చలనమే లేదు. దానికి వేరే థ్రెడ్ పెడతా, ఈసారి ముందు టెస్ట్ ల్యాంప్ పట్టుకుని కింద దూరాకే.