కొండల్లో, అడవిలో వాహనాల రొద లేని సైకిల్ దారిని ఎంచుకోవడం ఎలా?

పొద్దుటిచక్రం అడిగిన ప్రశ్న

ఇన్నాళ్లూ చదునైన రోడ్ల మీదే తొక్కాను. అరవై, డెబ్బై కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా వెళ్లగలను. ఇప్పుడు అడవి మధ్యగా కొండలెక్కి దిగే తారు రోడ్ల మీదికి మనసు మళ్లింది. నాకు అన్నిటికన్నా ముఖ్యం ప్రశాంతత. మ్యాపులో చూస్తే సన్నని గీతలన్నీ ఒకేలా ఉన్నాయి. వాటిలో ఏది ఖాళీగా ఉంటుందో, దేని మీద రోజంతా లారీలు తిరుగుతాయో వెళ్లకముందే తెలుసుకోవచ్చా? నాది రోడ్డు సైకిలు. ముందు 50-34 పళ్ల చక్రాలు, వెనక 11-28 క్యాసెట్ (11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న చక్రాల వరుస), 28 మిల్లీమీటర్ల టైర్లు, చక్రం అంచును పట్టి ఆపే రిమ్ము బ్రేకులు. ఎక్కువగా ఒంటరిగానే వెళ్తాను. మొదట్లో ఎంత ఎక్కుడు పెట్టుకోవచ్చో కూడా చెప్పండి.

కనుమబాట జవాబు

మ్యాపు తెరవగానే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ దారిలో ఎవరికి పని ఉంది? రోడ్డు సన్నగా ఉందా, వెడల్పుగా ఉందా అన్నది తర్వాతి సంగతి. సన్నని రోడ్డు చివర క్వారీ ఉందంటే చాలు, దాని మీద ప్రశాంతత ఉండదు. ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం మధ్య తెల్లని మచ్చ కనిపిస్తే అది క్వారీయో గనియో అయి ఉంటుంది. అక్కడి నుంచి పెద్ద రోడ్డుకు ఏ దారిన దిగుతారో చూసి, ఆ దారిని వదిలేయండి. కలప డిపోలు, ఆనకట్ట పనులు జరిగే చోట్లు కూడా అంతే. జలపాతాలు, వ్యూపాయింట్ల దారుల సంగతి దీనికి తలకిందులు. పనిదినాల్లో అక్కడ పిట్ట కూతలు తప్ప మరేమీ వినిపించవు, సెలవు రోజున కార్లు బారులు తీరతాయి. అందుకే ఫలానా దారి ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా చెబితే, ఏ రోజున, ఏ వేళన అని తప్పకుండా అడుగుతాను.

అమెరికాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అని 755 కిలోమీటర్ల పొడవున కొండల మీదుగా సాగే అడవి రోడ్డు ఉంది. దాని మీదికి సరుకు లారీలను రానివ్వరు, వేగం కూడా గంటకు 72 కిలోమీటర్లు దాటకూడదు. సైకిలు మీద వెళ్లేవారికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ అక్టోబరులో ఆకులు రంగు మారే రోజులు వచ్చాయంటే చూడటానికి వచ్చే కార్లతోనే అది నిండిపోతుంది. లారీలకు పని లేని దారిలోనూ విహారానికి వచ్చేవారికి పని ఉంటుంది.

నాకు ప్రాణమైనవి పాత కనుమ దారులు. లోయలోనో సొరంగం గుండానో కొత్త రోడ్డు పడ్డాక, పాతది అడవిలో అలా మిగిలిపోతుంది. తొందరలో ఉన్నవారంతా కొత్తదాని మీదికి వెళ్లిపోతారు. ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక గీత తిన్నగా, మరొకటి మెలికలు తిరుగుతూ కనిపిస్తే ఆ మెలికల గీతనే పట్టుకోండి. మరో మేలు కూడా ఉంది. ఇంజన్లు రాకముందు బండ్ల కోసం వేసిన దారుల్లో వాలు మితంగా ఉంటుంది. బరువు లాగే జంతువు నిట్టనిలువుగా ఎక్కలేదు గనుక మలుపు తర్వాత మలుపు పెట్టి కొండెక్కించారు. ఆల్ప్స్‌లో 1820-25 మధ్య వేసిన స్టెల్వియో దారి 2,757 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ప్రాటో అనే ఊరి వైపు నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. అయినా సగటు వాలు ఏడు, ఎనిమిది శాతం మధ్యనే, అంటే వంద మీటర్ల దూరానికి ఏడెనిమిది మీటర్ల ఎత్తు. అది ఇప్పుడు పేరు మోసి వేసవిలో కిటకిటలాడుతుంది కానీ, అదే పద్ధతిలో వేసిన అనామక దారులు కొండలున్న చోటల్లా ఉంటాయి.

ఇక ఎక్కుడు. కిలోమీటరుకు 10 మీటర్ల లెక్కన మొదలుపెట్టండి. అంటే 60 కిలోమీటర్లకు 600 మీటర్లు. అయితే మ్యాపు చెప్పే సగటును నమ్మకండి. ఐదు కిలోమీటర్లకు ఆరు శాతం అని ఉన్నదానిలో ఒక కిలోమీటరు చదునుగా, మరొకటి పన్నెండు శాతంగా ఉండవచ్చు. అతి నిటారుగా ఉన్న అర కిలోమీటరును వెతికి, దాన్ని బట్టి నిర్ణయించుకోండి. అడవిలో ఇంకో చిక్కు ఉంది. ఎన్నో మ్యాపులు వాడే ఎత్తుల సమాచారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసింది. దట్టమైన చెట్లున్న చోట ఆ రాడార్ నేల దాకా పూర్తిగా చేరలేదు, చెట్ల గుబుర్ల ఎత్తు కూడా కొంత కలిసిపోయింది. పైగా కొండ పక్కను తొలిచి వేసిన రోడ్డు విషయంలో గీత కాస్త పక్కకు జరిగినా పదుల మీటర్ల తేడా వస్తుంది. అందుకే అడవి దారుల ఎత్తు చూపే గ్రాఫులో, నిజంగా లేని గుట్టలు రంపపు పళ్లలా కనిపిస్తాయి. వాటిని చూసి మంచి దారిని వదులుకోవద్దు.

గేరుపళ్లు జవాబు

కనుమబాట గారు దారి గురించి చెప్పారు, నేను సైకిలు గురించి చెబుతాను. ముందు ఆ 28 పళ్ల చక్రం మార్చండి. మీరూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. పది శాతం వాలులో ముందు 34, వెనక 28 పళ్ల గేరు మీద నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పాలంటే గంటకు సుమారు 9 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. భూమ్యాకర్షణను ఎదిరించడానికే 200 వాట్లు పోతాయి. వెనక 34 పళ్లు ఉంటే అదే లయకు వేగం ఏడున్నరకు తగ్గుతుంది, 165 వాట్లతో సరిపోతుంది. పట్టుదల గలవారు 28తో కూడా ఎక్కేస్తారు. కానీ మోకాళ్ల మీద పడే భారం వేరు, పైకి చేరాక చుట్టూ చూసే ఓపిక కూడా మిగలదు. కొనేముందు మీ వెనక డీరెయిలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరోదాని మీదికి మార్చే భాగం) 34 పళ్లను పట్టగలదో లేదో చూసుకోండి. పొట్టి చేయి ఉన్నవి చాలావరకు పట్టలేవు.

అడవిలో ఫోను సిగ్నల్ పోతుంది. మ్యాపును ముందే ఫోనులో దింపుకోండి. రెండు ట్యూబులు, గాలి పంపు, చైను లింకు, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క దగ్గర ఉండాలి. ఏ దారిన వెళ్లి ఎప్పటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరండి.

పొద్దుటిచక్రం

ఇద్దరికీ ధన్యవాదాలు. క్వారీల సంగతి చూశాక నేను పెట్టుకున్న రెండు దారులు అక్కడికక్కడే కొట్టేశాను. ఒకటి మిగిలింది. 58 కిలోమీటర్ల చుట్టు దారి. మధ్యలో ఒక కనుమ. ఒక వైపు నుంచి 4 కిలోమీటర్లు, 9 శాతం వాలు, రోడ్డు గతుకులు. రెండో వైపు నుంచి 9 కిలోమీటర్లు, 4 శాతం, నున్నని తారు. ఎటు నుంచి ఎక్కితే మంచిది? నాకైతే 4 శాతం వైపు నుంచి ఎక్కడమే సులువు అనిపిస్తోంది.

కనుమబాట జవాబు

ఎక్కడానికి అదే సులువు, కాదనను. కానీ చుట్టు దారికి దిశ పెట్టేటప్పుడు నేను ఎప్పుడూ దిగుడునే చూస్తాను. ఎక్కలేకపోతే దిగి నడవొచ్చు. గతుకుల మీద తొమ్మిది శాతం దిగుతుంటే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, పైగా మీవి రిమ్ము బ్రేకులు. 80 కిలోలతో ఆ 360 మీటర్లు దిగడమంటే దాదాపు 280 కిలోజౌళ్ల శక్తిని పోగొట్టుకోవడం. మెల్లగా, బ్రేకు పట్టుకునే దిగితే అందులో ఎక్కువ భాగం రిమ్ముల్లోనే వేడిగా మారుతుంది. నాలుగు శాతం వైపు గాలే సగం పని చేసి పెడుతుంది. అందుకే నిటారు వైపు నుంచి ఎక్కండి. గేరుపళ్లు గారు చెప్పిన క్యాసెట్ వేయించుకున్నాకే వెళ్లండి, ఈ దారి ఎక్కడికీ పోదు.

దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా పట్టి ఉంచకండి. మలుపుకు ముందే గట్టిగా వేసి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. నీడ పడే మలుపుల్లో లోపలి అంచును గమనిస్తూ ఉండండి. కొండ పక్క నుంచి సన్నగా ఊరిన నీరు రోడ్డుకు అడ్డంగా పారుతుంది. ఎండ తగలని చోట ఆ తడి మీద ఆకుపచ్చని పాచి, దాని మీద కుళ్లిన ఆకులు. రోడ్డంతా పొడిగా ఉన్న రోజున కూడా ఆ మూరెడు మేర జారుడుగానే ఉంటుంది. సైకిలును నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా దాటండి. ఎండలోంచి ఒక్కసారిగా చెట్ల నీడలోకి వెళ్లినప్పుడు కళ్లు సర్దుకోవడానికి కాసేపు పడుతుంది. వెనక వచ్చే డ్రైవరుకూ అంతే. కాబట్టి పట్టపగలైనా వెనక లైటు వెలుగుతూ ఉండాలి, మీ కళ్లజోడు ముదురు రంగుది కాకూడదు.

ఎక్కేటప్పుడు లారీ వస్తుంటే రెండు మలుపుల ముందే వినిపిస్తుంది. దిగేటప్పుడు చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు, లారీ వస్తే వినిపిస్తుందిలే అన్న నమ్మకంతో రోడ్డు మధ్యకు రావద్దు. తెల్లవారుజామున, సాయంత్రం జింకలు రోడ్డు దాటుతుంటాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుందనుకుని ఆగండి.

పైన చలి వేస్తుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, మీ కనుమ దగ్గర తేడా రెండు డిగ్రీలకు కాస్త ఎక్కువే. అది పెద్ద లెక్క కాదు కానీ చెమటతో తడిసిన చొక్కాతో తొమ్మిది కిలోమీటర్లు దిగితే వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు మీద పట్టు తగ్గుతుంది. మడిచి జేబులో పెట్టుకునే పల్చని గాలి కోటు ఒకటి చాలు. దాన్ని కనుమ మీద ఆగినప్పుడే వేసుకోండి, దిగుతూ వేసుకోవాలని చూడవద్దు.