ఒకే జూన్‌కి మూడు లెక్కలు: అమెరికా నిరుద్యోగ అంకెల్లో ఏది వేయాలి?

ఏలూరు శ్రీను:
నిన్న రాత్రి నుంచీ దీని మీదే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. ఎవరైనా పుణ్యం కట్టుకోండి. సోమవారం ఎం.ఏ. సెమినార్. అమెరికాలో నెలనెలా వచ్చే నిరుద్యోగ లెక్కలు, వాటి చుట్టూ రాజకీయం నా టాపిక్. జూన్‌లో పెరిగిన ఉద్యోగాలు ఒకచోట 1,47,000 అని ఉంది. ఇంకోచోట 14,000. చివర 7 ఎగిరిపోయింది, అచ్చుతప్పు అనుకున్నా. మూడో చోట చూస్తే మైనస్ 13,000! ఉద్యోగాలు పెరిగాయని రాసిన వార్తలోనే నిరుద్యోగ రేటు కూడా పెరిగిందని ఉంది. రెండూ ఒకేసారి ఎలా పెరుగుతాయి? అక్టోబర్ గడి అయితే ఖాళీ. స్లయిడ్‌లో ఏ నంబర్ వేయాలో చెప్పండి చాలు. మా సార్‌కి ఒక్క నంబరే కావాలి.

కె.వి.ఆర్.:
ఏ సంవత్సరం? ఏ తేదీన వచ్చిన రిపోర్టు? అవి చెప్పకుండా జవాబు ఉండదు.

ఏలూరు శ్రీను:
2025 సార్. తేదీలు రాసుకోలేదు, నంబర్లు మాత్రమే కాపీ చేసుకున్నా.

తెనాలి మాస్టారు:
నాయనా శ్రీనూ, అమెరికా అంకెల్లోకి దిగేముందు అసలు నిరుద్యోగి అంటే ఎవరో తేల్చుకో. మన జాతీయ గణాంక కార్యాలయం చేసే శ్రామిక శక్తి సర్వే 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా లెక్క ఇస్తోంది. మొదటి నెల 5.1 శాతం అన్నారు. అందులో వారం మొత్తం మీద ఒక్క గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే. జీతం లేకుండా ఇంటి పాడి, చేను చూసుకునే ఆడవాళ్లు కూడా ఉపాధి ఉన్నవాళ్లలోకే వస్తారు. మన పల్లెల్లో పని లేదని ఇంట్లో కూర్చునే స్తోమత ఎంతమందికి ఉంది? దొరికిన కూలికి పోవాల్సిందే. కాబట్టి పేద దేశంలో నిరుద్యోగ రేటు తక్కువగా కనిపించినా కష్టం తక్కువని కాదు. నలభై ఏళ్లుగా క్లాసులో ఇదే చెబుతున్నా. ఈ తేడా పట్టుకోకుండా మన 5 శాతాన్నీ వాళ్ల 4 శాతాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

కె.వి.ఆర్.:
మాస్టారూ, ఒక గంట రూల్ అమెరికాలో కూడా ఉంది. అతను అడిగింది జూన్ గురించి.

తెనాలి మాస్టారు:
రూల్ ఉండొచ్చు. అక్కడ నిరుద్యోగ భృతి ఉంది, ఇక్కడ చాలామందికి లేదు. భృతి తీసుకునేవాళ్లనే కదా అక్కడ నిరుద్యోగులుగా లెక్కేసేది.

రాధిక (సర్వే డేటా):
కాదు మాస్టారూ, చాలామంది అలాగే అనుకుంటారు. భృతికి పెట్టుకున్న దరఖాస్తుల లెక్క వేరు, అది ప్రతి గురువారం వస్తుంది. నెలవారీ నిరుద్యోగ రేటుకి భృతితో సంబంధమే లేదు. అమెరికా కార్మిక గణాంకాల ఆఫీసు కోసం సుమారు 60,000 ఇళ్లని ఎంచుకుని అడుగుతారు. 12వ తేదీ ఉన్న వారంలో పని చేశారా? లేకపోతే గత నాలుగు వారాల్లో ఉద్యోగం కోసం ఏదైనా ప్రయత్నం చేశారా? ఇప్పుడు దొరికితే చేరగలరా? పని లేదు, ప్రయత్నం చేశాను, చేరగలను అంటేనే నిరుద్యోగి. విసిగిపోయి వెతకడం మానేసినవాళ్లు ఆ లెక్కలోంచి బయటికి పోతారు. అందుకే ఒక్కోసారి పరిస్థితి బాగుపడకుండానే రేటు తగ్గుతుంది.

శ్రీను గారూ, మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఉద్యోగాల సంఖ్య ఈ ఇళ్ల సర్వే నుంచి రాదు. అది లక్షా ఇరవై వేలకు పైగా సంస్థలు, ప్రభుత్వ ఆఫీసుల జీతాల పట్టీల నుంచి వస్తుంది. అక్కడ లెక్కించేది ఉద్యోగాలని, ఇళ్లలో లెక్కించేది మనుషుల్ని. ఒకతను రెండు చోట్ల పని చేస్తే పట్టీల్లో ఇద్దరు, ఇళ్ల సర్వేలో ఒక్కడే. సొంతంగా పని చేసుకునేవాళ్లు, పొలం పనివాళ్లు పట్టీల్లో ఉండరు. కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువైతే ఉద్యోగాలు పెరిగిన నెలలోనే రేటూ పెరుగుతుంది. జులైలో సంస్థల లెక్క 73,000 పెరిగింది, రేటు 4.1 నుంచి 4.2కి వెళ్లింది. రెండు సర్వేల ఫలితాలూ ఒకే శుక్రవారం ఉదయం ఒకే రిపోర్టులో రావడం వల్ల వచ్చిన గందరగోళమే ఇదంతా.

భాను, వరంగల్:
0.1 శాతం పెరిగింది అని రాయకండి. 4.1 మీద 0.1 శాతం అంటే వేరే లెక్క అవుతుంది. 0.1 శాతం పాయింట్లు అనాలి.

కె.వి.ఆర్.:
ఇక్కడ ఎవరూ అలా రాయలేదు.

భాను, వరంగల్:
పేపర్లో రోజూ రాస్తున్నారు, అందుకే ముందుగా చెప్పా. సెమినార్‌లో ఎవరైనా పట్టుకుంటే పరువు పోతుంది.

ఏలూరు శ్రీను:
మేడం, ఇదంతా అర్థమైంది. జూన్ సంగతి?

రాధిక (సర్వే డేటా):
మూడూ అసలైన అంకెలే, ఏదీ అచ్చుతప్పు కాదు. జులై మొదట్లో వచ్చిన రిపోర్టులో జూన్‌కి 1,47,000. ఆగస్టు 1 నాటి రిపోర్టులో అది 14,000 అయింది. సెప్టెంబర్ 5న మైనస్ 13,000 అయింది. 2020 డిసెంబర్ తర్వాత ఉద్యోగాలు తగ్గిన మొదటి నెల అదేనని అప్పుడు తెలిసింది. ప్రతి నెలకీ ఇదే పద్ధతి: మొదటి అంచనా, తర్వాతి నెలలో ఒక సవరణ, ఆ పై నెలలో ఇంకోటి. మొదటిసారి లెక్క వేసేటప్పటికి చాలా సంస్థల జవాబులు అందవు. తర్వాత వచ్చేకొద్దీ కలుపుతారు. ఆగస్టు 1 రిపోర్టులో మే, జూన్ రెండు నెలలకీ కలిపి తగ్గించింది 2,58,000. ఇందులో పెద్ద భాగం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల స్కూళ్లు, కాలేజీల దగ్గరే తేలింది. విద్యాసంవత్సరం ముగిసే జూన్‌లో ఎవరు ఏ వారం పట్టీ నుంచి దిగిపోయారన్నది ఎప్పుడూ చిక్కే. పైగా ఋతువుల తేడా తీసేసే సర్దుబాటు కూడా అదే నెలలో బలంగా పడుతుంది.

ఇంకో మాట. సవరణలన్నీ అయ్యాక కూడా ఇది శాంపిల్ సర్వేనే. నెలవారీ మార్పుకి అటూ ఇటూ లక్షకు పైగా తేడా ఉండొచ్చని ఆ గణాంకాల ఆఫీసే రాస్తుంది. 20,000 పెరిగిందనో 10,000 తగ్గిందనో ఒక్క నెల చూసి తీర్పు చెప్పే చానెళ్లు జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నాయి. మూడు నెలల సగటు చూడండి, రేటుని పక్కన పెట్టుకోండి.

మధు:
అంత పెద్ద సవరణ చేస్తే ఎవరినైనా తీసేస్తారు. ట్రంప్ ఆ గణాంకాల ఆఫీసు కమిషనర్‌ని అదే రోజు, ఆగస్టు 1న తీసేశాడు. తప్పేముంది? మన దగ్గర ఇంజనీరు కొలతలు పది రెట్లు తేడాగా ఇస్తే ఊరుకుంటామా?

రాధిక (సర్వే డేటా):
సవరణ చేయడం ఆ ఆఫీసు ఉద్యోగ ధర్మం మధు గారూ. ఆలస్యంగా వచ్చిన జవాబుల్ని దాచేస్తే అప్పుడు తప్పు చేసినట్టు. ఆ కమిషనర్ ఎరికా మెకెంటార్ఫర్‌ని 2024లో సెనేట్ 86–8 ఓట్లతో ఆమోదించింది, అంటే రెండు పార్టీలవాళ్లూ ఓటేశారు. అంకెలు తారుమారు చేసిందని ట్రంప్ అన్నాడు, ఆధారం ఒక్కటీ చూపలేదు. ట్రంప్ మొదటి పదవీకాలంలో తనే నియమించిన కమిషనర్ విలియం బీచ్ కూడా ఈ తొలగింపుని తప్పుబట్టాడు. వందలమంది కలిసి చేసే లెక్క అది. కమిషనర్ ముందుకి వచ్చేసరికి అంకెలు ఖరారైపోయి ఉంటాయి.

మధు:
మరి డెమోక్రాట్ల హయాంలో? 2024 ఆగస్టులో 8,18,000 ఉద్యోగాలు లెక్కలోంచి మాయమయ్యాయి. అప్పుడు మీరంతా ఎక్కడున్నారు?

కె.వి.ఆర్.:
అది ప్రాథమిక అంచనా. ఆఖరికి తేలింది 5,98,000. నిరుద్యోగ భృతి కోసం సంస్థలు కట్టే పన్ను రికార్డులతో ఏడాదికోసారి సరిచూస్తారు. 2025 సెప్టెంబర్ 9న ఇంకా పెద్ద ప్రాథమిక అంచనా, 9,11,000 తగ్గింపు వచ్చింది. 2025 మార్చితో ముగిసిన ఆ పన్నెండు నెలల్లో ఎక్కువ భాగం బైడెన్ కాలం. ఎవరి హయాం అయినా ఒకటే పద్ధతి.

మధు:
ఒకటే పద్ధతి అంటారు, ప్రతిసారీ కిందికే ఎందుకు పోతోంది? దానికి చెప్పండి.

గోపి, డాలస్:
అన్నా, మీరు రాజకీయం మాట్లాడుకోండి కానీ ఇక్కడ మా పరిస్థితి ఏ నంబర్‌లోనూ కనపడదు. మే నెలలో ఎం.ఎస్. అయిపోయింది. చదువు తర్వాత ఇచ్చే పని అనుమతిలో నిరుద్యోగంగా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. రోజూ పొద్దున్నే లేచి ఎన్ని రోజులు మిగిలాయో లెక్కపెట్టుకోవడం, అప్లికేషన్లు పెట్టడం, ఇదే పని. నాకు ఇటీవలే ఒకచోట దొరికింది. నా రూమ్మేట్‌కి ఇంకా లేదు, వాళ్ల నాన్నకి ఫోన్ చేయడానికి కూడా టెన్షన్ పడుతున్నాడు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే 60 రోజులు. 4.2 అంటే బాగానే ఉందిగా అని ఇంటి నుంచి అడుగుతుంటే ఏం చెప్పాలి? లే ఆఫ్‌లు తక్కువే, కానీ కొత్తగా తీసుకోవడం ఆగిపోయింది. మాలాగా ఇప్పుడే తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకే దెబ్బ.

రాధిక (సర్వే డేటా):
గోపీ, నీ రూమ్మేట్ కూడా ఈ లెక్కలోకి వస్తాడు. ఇళ్ల సర్వేలో వీసా అడగరు, ఆ దేశంలో ఉంటున్న 16 ఏళ్లు దాటినవాళ్లంతా వస్తారు. అప్లికేషన్లు పెడుతున్నాడు కాబట్టి నిరుద్యోగే, భృతి రాకపోయినా. నువ్వు చెప్పింది మాత్రం నిజం. తీసేయడం తక్కువ, తీసుకోవడం తక్కువ అనే ఈ స్థితిని మొత్తం దేశపు రేటు దాచేస్తుంది. 20–24 ఏళ్ల వాళ్ల రేటు అదే రిపోర్టులో వేరుగా ఉంటుంది, అది చూడు.

సుజాత, నాగోల్:
అసలు ఈ రేటుకీ ఓట్లకీ సంబంధం ఉందా? శ్రీను తమ్ముడి టాపిక్ అది కదా, ఎవరూ దాని జోలికే పోలేదు.

తెనాలి మాస్టారు:
ఉందమ్మా, కానీ ఎంత ఉందన్నదాని కంటే ఎటు పోతోందన్నదే ముఖ్యం. రేగన్ కాలంలో 1982 చివర 10.8 శాతం. 1984 ఎన్నికల నాటికి ఇంకా 7 పైనే ఉంది, అయినా 49 రాష్ట్రాలు గెలిచాడు. ఎందుకంటే రేటు దిగుతోంది. కార్టర్ 1980లో దాదాపు అంతే రేటుతో ఓడిపోయాడు, అప్పుడు ఎక్కుతోంది. 1992లో పెద్ద బుష్‌ది కూడా అదే కథ. ఒబామాకి 2009 అక్టోబర్‌లో 10 శాతం, 2012 పోలింగ్‌కి ముందు వచ్చిన చివరి రిపోర్టులో 7.9. రూజ్వెల్ట్ తర్వాత 7.2 దాటిన రేటుతో ఎవరూ మళ్లీ గెలవలేదని అప్పుడు టీవీల్లో ఒకటే హోరు. గెలిచాడు.

ఆ నెల ముందు సంగతి కూడా చెప్పాలి. 2012 అక్టోబర్ 5న రేటు 8.1 నుంచి 7.8కి దిగిందని రిపోర్టు వస్తే, జనరల్ ఎలక్ట్రిక్ పాత అధిపతి జాక్ వెల్చ్ ఒబామా మనుషులు అంకెలు మార్చారని ట్విట్టర్‌లో రాశాడు. ట్రంప్ 2016లో అసలు నిరుద్యోగం 42 శాతం దాకా ఉండొచ్చని ప్రచారం చేశాడు. 2017 మార్చిలో మంచి రిపోర్టు రాగానే, గతంలో అవి బూటకం కావచ్చు, ఇప్పుడు మాత్రం నిజమన్నట్టు ఆయన ప్రతినిధి మాట్లాడాడు. అంకె నచ్చినప్పుడు ఒకలా, నచ్చనప్పుడు ఒకలా. ఇది నన్ను చాలా కలవరపెడుతుంది నాయనా, మన దగ్గర కూడా ఇదే జబ్బు ముదురుతోంది. 2017–18 సర్వే రిపోర్టుని మన ప్రభుత్వం ఎన్నికలు అయ్యేదాకా విడుదల చేయలేదు, 6.1 శాతం అని 2019 మే చివర బయటపెట్టారు.

మధు:
మరి 2024? 4.1 శాతం. తక్కువే. హారిస్ ఎందుకు ఓడింది?

సుజాత, నాగోల్:
ధరలు. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం. ఉద్యోగం పోయేది నూటికి నలుగురికి, గుడ్ల ధర నూటికి నూరుమందికీ తగులుతుంది. మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది, ఫోన్‌లో రెండేళ్లూ ఇదే చెప్పింది.

కె.వి.ఆర్.:
2023 ఏప్రిల్‌లో 3.4. అక్కడి నుంచి 4.1కి ఎక్కింది. మాస్టారి మాట అక్కడా సరిపోతుంది. ఎన్నికకి నాలుగు రోజుల ముందు, నవంబర్ 1న వచ్చిన ఉద్యోగాల సంఖ్య 12,000. తుఫాన్లు, బోయింగ్ సమ్మె. సమ్మెలో ఉన్నవాళ్లు జీతాల పట్టీలో ఉండరు.

మధు:
అది కూడా తర్వాత మార్చే ఉంటారు. నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు, ప్రతిసారీ కిందికే ఎందుకు?

రాధిక (సర్వే డేటా):
ప్రతిసారీ కాదు. 2021లో చాలా నెలలు పైకే సవరించారు. ఆర్థిక వ్యవస్థ మలుపు తిరిగేటప్పుడు మొదటి అంచనాలు వెనకపడతాయి. కొత్తగా పుట్టే, మూతపడే సంస్థలు శాంపిల్‌కి వెంటనే అందవు, పాత తీరుని బట్టి ఊహించి కలుపుతారు. నెమ్మదించే కాలంలో ఆ ఊహ ఎక్కువవుతుంది.

మధు:
ఊహే కదా మరి. అదే నేను అంటున్నది.

ఏలూరు శ్రీను:
అక్టోబర్ ఎవరూ చెప్పలేదు.

కె.వి.ఆర్.:
అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా ప్రభుత్వం మూతపడింది. ఇళ్ల సర్వే జరగలేదు. 1948 నుంచి రేటు లేని నెల అదొక్కటే.

రాధిక (సర్వే డేటా):
సంస్థల లెక్క మాత్రం అక్టోబర్‌కి ఉంది శ్రీను గారూ. జీతాల పట్టీ ఎప్పుడు అడిగినా పుస్తకంలో ఉంటుంది, తర్వాత తెప్పించుకోగలిగారు. ఫలానా వారంలో మీరు ఉద్యోగం వెతికారా అని రెండు నెలల తర్వాత ఇంటికి వెళ్లి అడిగితే సరైన జవాబు రాదు. ఆ నెలలో 1,05,000 తగ్గినట్టు డిసెంబర్ 16న వచ్చింది. ముందే రాజీనామాకి ఒప్పుకుని సెప్టెంబర్ దాకా జీతం తీసుకున్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు అక్టోబర్‌లో పట్టీ నుంచి ఒక్కసారిగా దిగిపోయారు, ముఖ్య కారణం అదే. దాన్ని ఆ నెలలోనే పోయిన ఉద్యోగాలుగా చూపిస్తే తప్పు. అదే రిపోర్టులో నవంబర్ రేటు 4.6.

ఏలూరు శ్రీను:
థాంక్స్ మేడం, అందరికీ థాంక్స్. జూన్‌కి మూడు నంబర్లూ రిపోర్టు తేదీలతో పెట్టేస్తున్నా, సార్ ఏమన్నా అననీ. ఒకటే డౌట్. రేటు చార్ట్‌లో సెప్టెంబర్ నుంచి నవంబర్‌కి గీత కలపాలా, తెగ్గొట్టాలా?

కె.వి.ఆర్.:
తెగ్గొట్టండి. కింద ‘సర్వే జరగలేదు’ అని రాయండి.

భాను, వరంగల్:
పక్క గీత మీద శాతం అనే ఉంచండి, మార్పు చెప్పేటప్పుడు మాత్రం శాతం పాయింట్లు.

గోపి, డాలస్:
రాధిక గారూ, ఆ 20–24 ఏళ్ల టేబుల్ రిపోర్టులో ఎక్కడుందో దొరకట్లేదు. నంబర్ చెప్పగలరా?