పిల్లి కంట్లో పుసి: ఇంట్లో ఉన్న చుక్కలు వేయొచ్చా?

బూడిదతోక:
పిల్లి కంట్లో కాస్త పుసి కనబడగానే డాక్టర్ దగ్గరికి పరిగెత్తమంటారు కొందరు, అది అతి. నిద్ర లేచాక లోపలి కొనలో గోధుమరంగు పెచ్చు మామూలే. చదునుమూతి పర్షియన్లకైతే ముక్కు పక్కన చారలు కట్టడం పుట్టుకతో వచ్చిన బాధ. ఉప్పునీళ్ళతో తుడిచి, రెండ్రోజుల్లో తగ్గకపోతే మనకు వాడే యాంటీబయాటిక్ చుక్కలే వేయొచ్చు. సీసా మారినా లోపలి మందు అదే కదా!

మీసాలరాణి:
తుడవడం సరే, పేచీ అంతా చుక్కలతోనే. ఇంట్లో మిగిలిన సీసా తిప్పి చదవండి. చాలావాటి మీద యాంటీబయాటిక్ పక్కనే డెక్సామెథసోన్ అనో ప్రెడ్నిసొలోన్ అనో ఉంటుంది. అవి స్టెరాయిడ్లు. పిల్లుల కంటి కలకకు తరచూ కారణమయ్యే హెర్పిస్ వైరస్ నల్లగుడ్డు మీద కొమ్మలు చీలినట్టు సన్నటి పుండు పెడుతుంది, మామూలు వెలుతురులో అది మన చూపుకు ఆనదు. స్టెరాయిడ్ పడితే ఎరుపు తగ్గుతుంది, నయమైందనుకుంటాం. అడుగున పుండు లోతుకు దిగి గుడ్డుకు చిల్లు పడొచ్చు. అందుకే ముందు ఫ్లోరెసిన్ పరీక్ష: రంగు వేసి, కడిగి, నీలి లైటు పెడితే పొర లేచిన చోట పచ్చగా మెరుస్తుంది. నిమిషాల్లో తేలిపోయే పని.

బూడిదతోక:
స్టెరాయిడ్ లేనిదే చూసి వేస్తే?

చారలపిల్లి:
అయినా గురి తప్పొచ్చు. ఒక కంట్లో మొదలై రెండోదానికి పాకి, రెప్ప లోపలి పొర నీరుపట్టి ఉబ్బితే క్లామిడియా అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. దానికి చుక్కలు చాలవు, నోటిద్వారా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 4 వారాలు పడుతుంది. కన్ను తేటపడిందని పదోరోజు ఆపేస్తే తిరగబెడుతుంది. మాత్ర మింగించాక సిరంజితో 5-6 మి.లీ. నీళ్ళు పట్టాలి, లేదంటే గొంతు దిగువ అన్నవాహికలో ఇరుక్కుని, అది పుండై ముడుచుకుపోవచ్చు. మనుషుల హెర్పిస్ మాత్ర వాలసైక్లోవిర్ జోలికైతే పోనే వద్దు, పిల్లికి విషం. వాడేది ఫామ్‌సైక్లోవిర్, అదీ డాక్టర్ బరువు చూసి రాస్తేనే.

తెల్లపంజా:
హెర్పిస్ తగ్గుతుందని తిండిలో కలిపే లైసిన్ (ఒక అమైనో ఆమ్లం) పొడి మాటేమిటి?

చారలపిల్లి:
డబ్బు దండగ. హెర్పిస్‌కు పనిచేయదు, ఆపేయండని 2015లో ఒక సమీక్ష తేల్చేసింది.

మీసాలరాణి:
తుడిచే పద్ధతీ చెప్పుకోవాలి. అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్ళకు 4.5 గ్రాముల ఉప్పు, కొలిచి వేయాలి. ఎక్కువైతే మండుతుంది. ఏ రోజుది ఆ రోజే. గోరువెచ్చగా తడిపిన గాజుగుడ్డను పెచ్చు మీద ఒక నిమిషం ఆనించి, నానాక లోపలి కొన నుంచి బయటికి తుడవాలి. గిల్లి లాగితే కింద చర్మం లేచొస్తుంది. దూది వద్దు, పోగులు కంట్లో చిక్కుకుంటాయి. ఏ కంటికి ఆ ముక్కే. కాంటాక్ట్ లెన్స్ కడిగే ద్రావణం సెలైన్ (ఉప్పునీళ్ళు) కాదు, దానితో తుడవొద్దు.

బూడిదతోక:
చుక్కల మాట వెనక్కి తీసుకున్నా. కన్ను చికిలించినా, గుడ్డు మసకబారినా, పుసి పచ్చగా చిక్కగా మారినా అదే రోజు డాక్టర్ దగ్గరికి, ఒప్పుకున్నా. కన్ను బాగా తెరిచి, పలచటి నీరే కారుతూ, తిండి సరిగ్గా తింటుంటే మాత్రం రెండ్రోజులు తుడుస్తూ ఆగుతా.

మీసాలరాణి:
కూనలైతే ఆ రెండ్రోజులు కూడా వద్దు.