సెల్లర్ ఫైనాన్సింగ్‌తో కొన్న ఇంట్లో ఫౌండేషన్ రిపేరు దాచారు, కిస్తీ ఆపొచ్చా? (డాలస్)

ప్రశ్న
డాలస్ శివారులో 1978 నాటి ఇల్లు. ఎనిమిది నెలల క్రితం ఓనర్‌కే నెలనెలా కట్టేలా కొన్నాం. డీడ్ మా పేర రిజిస్టరైంది. నోటు (అప్పు పత్రం), డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటి తాకట్టు పత్రం) ఆయన చేతిలో. బ్యాంకు లేదు కదా అని ఇన్‌స్పెక్షన్ చేయించలేదు. ఇప్పుడు తలుపు మూల నుంచి ఏటవాలుగా బీట, కార్పెట్ ఎత్తితే నేల కింది కాంక్రీట్ స్లాబుకు పాత అతుకులు. డిస్‌క్లోజర్ ఫారంలో పాత స్ట్రక్చరల్ రిపేర్లు లేవని రాశారు. కాంట్రాక్టులో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టే కొంటున్నాం) అనీ ఉంది. కిస్తీ ఆపి బేరమాడొచ్చా?

నల్లరేగడి
ఆపకండి. టెక్సస్‌లో కోర్టు గడప తొక్కకుండానే వేలం వేయొచ్చు. మీరుంటున్న ఇల్లయితే బాకీ తీర్చమని 20 రోజుల నోటీసు, ఆపైన 21 రోజుల వేలం నోటీసు, నెలలో మొదటి మంగళవారం వేలం. రెండు మూడు నెలల్లో ఇల్లు పోతుంది. ‘హక్కులు వదులుకోకుండా కడుతున్నాను’ అని ఈమెయిల్ పెట్టి కడుతూ ఉండండి.

లోపం ఉందని చూపిస్తే సరిపోదు, ఆయనకు తెలుసని చూపించాలి. సిటీకి ఓపెన్ రికార్డ్స్ రిక్వెస్ట్ పెట్టి ఆ అడ్రసు మీద ఫౌండేషన్, ప్లంబింగ్ పర్మిట్లన్నీ అడగండి. చుట్టుపక్కల ఫౌండేషన్ కంపెనీలకు ఫోన్ చేసి వారంటీ ఉందేమో కనుక్కోండి. చాలా కంపెనీలు అడ్రసుతోనే వెతుకుతాయి. పర్మిట్ తేదీ ఆయన ఓనర్‌గా ఉన్న రోజుల్లో పడిందంటే సగం కేసు గెలిచినట్టే.

స్లాబ్‌లెవెల్
ఉచిత ఎస్టిమేట్ ఇచ్చే రిపేరు కంపెనీని నమ్మకండి, వాళ్లు అమ్మేది పియర్లే (ఫౌండేషన్ కింద దింపే స్తంభాలు). లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో ఎలివేషన్ సర్వే (నేల ఎత్తుపల్లాల కొలత) చేయించండి. వంపుకు ఇంజినీర్లు వాడే కొలత ఎల్/360 (ఎల్ అంటే పొడవు), అంటే 30 అడుగులకు 1 అంగుళం. మొత్తం ఒరుగుడుకైతే 1 శాతం.

ఇక్కడి మట్టి మన గుంటూరు రేగడికి అన్న వరస: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే పియర్ల కన్నా ముందు హైడ్రోస్టాటిక్ టెస్ట్. మురుగు పైపును క్లీనవుట్ (పైపు శుభ్రం చేసే మూత) దగ్గర రబ్బరు బాల్‌తో బిగించి, స్లాబు మట్టం దాకా నీళ్లు నింపి, పావుగంట, ఇరవై నిమిషాలు చూస్తారు. మట్టం దిగితే కింద లీకు. లీకు వదిలేసి పియర్లు దింపితే నేల మళ్లీ ఉబ్బుతుంది. 1978 అంటే బీడు పైపులు ఉండొచ్చు, స్లాబు ఎత్తేటప్పుడు విరుగుతాయి. ఎత్తాక ఇంకోసారి టెస్ట్ చేయించండి.

నోటుమాట
‘యాజ్ ఈజ్’ అడ్డుగోడేం కాదు. అబద్ధం చెప్పి, దాచి సంతకం పెట్టిస్తే అది చెల్లదని టెక్సస్ సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. డీటీపీఏ (టెక్సస్ వినియోగదారుల రక్షణ చట్టం) దావాకు 60 రోజుల ముందు నోటీసివ్వాలి, గడువు 2 ఏళ్లు. మోసం దావాకు 4 ఏళ్లు.

బేరంలో వడ్డీ తగ్గింపుకు ఒప్పుకోకండి, అసలు తగ్గించమనండి. రిపేరు 18,000 డాలర్లనుకుంటే నోటులో అంత కోత. మాడిఫికేషన్ రాయించి కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయించండి.

ప్రశ్న అడిగినవారు
ఈలోగా ఆయన నోటు ఎవరికైనా అమ్మేస్తే?

నోటుమాట
అదే అసలు చిక్కు. మోసం సంగతి తెలియకుండా, డబ్బిచ్చి కొన్నవాడి మీద మీ వాదన నిలవకపోవచ్చు. కౌంటీ రికార్డుల్లో డీడ్ ఆఫ్ ట్రస్ట్ అసైన్‌మెంట్ (బదిలీ పత్రం) కోసం వెతకండి, కానీ దాన్ని వెంటనే రికార్డు చేయని వాళ్లూ ఉంటారు. ఈ వారమే లాయరుతో లోపం గురించి సర్టిఫైడ్ మెయిల్ పంపించండి. కిస్తీ కొత్త అడ్రసుకు పంపమని ఉత్తరం వస్తే అదే కాపీ ఆ కొత్తవాళ్లకు కూడా అదే రోజు.