162 మ్యాచులు ఎలా ఫాలో అవుతారు? రేంజర్స్ 2023 సీజన్ చూసినవాళ్లు చెప్పండి

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):

అందరికీ నమస్కారం. మేము పోయినేడాది ఫ్రిస్కోకి వచ్చాం. మా అబ్బాయి రెండో క్లాసు. స్కూల్లో ఫ్రెండ్స్ వల్ల వాడికి టెక్సస్ రేంజర్స్ అనే బేస్‌బాల్ టీమ్ పిచ్చి పట్టుకుంది, స్కోరు చూడందే పడుకోడు. నాకేమో క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. వాడితో పాటు కూర్చుంటున్నా గానీ సీజన్‌కి 162 మ్యాచులంటే తల తిరుగుతోంది. ఇవాళ ఓడిపోతే రేపు మళ్లీ మ్యాచ్, ఎల్లుండి మళ్లీ మ్యాచ్, దేనికి బాధపడాలో దేనికి సంబరపడాలో అర్థం కావడం లేదు. ఆఫీసులో ఎవర్ని కదిపినా 2023లో టైటిల్ గెలిచిన సీజన్ గురించే చెబుతారు. అది మొదటి నుంచి చివరిదాకా చూసిన మనవాళ్లు ఉంటే ఎలా చూశారో కొంచెం చెప్పండి. ఈసారి వాడితో కలిసి సరిగ్గా చూడాలని ఉంది.

జవాబు (ఇర్వింగ్ నుంచి):

నేను చూశానండి, మార్చి 30న ఫిలడెల్ఫియాతో మొదటి మ్యాచ్ నుంచి నవంబర్ 1 దాకా. ముందు భయం తీసేయండి, 162 మ్యాచులూ కూర్చుని చూడక్కర్లేదు. నేను సగం పైగా విన్నాను. ప్లానోలో ఆఫీసు నుంచి ఆలస్యంగా బయల్దేరితే జార్జ్ బుష్ టర్న్‌పైక్ ఎక్కేసరికి మ్యాచ్ మొదలయ్యేది, కార్లో 105.3 రేడియో పెట్టుకునేవాణ్ణి, ఇంటికొచ్చాక వంటింట్లో ఫోన్లో అదే నడిచేది, మా ఆవిడ చపాతీలు కాలుస్తూ "ఇప్పుడెంత?" అని అడిగేది. పప్పన్నం లాగా రోజూ ఉండేది అన్నమాట. ఒక్కో మ్యాచ్‌కి బాధపడటం మానేసి వారానికోసారి స్టాండింగ్స్ (మన పాయింట్ల పట్టిక లాంటిది) చూసుకోండి, అదే అలవాటైపోతుంది.

ఆ సీజన్ అంత తీపిగా ఎందుకుందంటే, అంతకుముందు అంత చేదుగా ఉండేది. 2021లో 102 మ్యాచులు ఓడిపోయారు, 2022లో 94. మధ్యలో కోరీ సీగర్‌ని పదేళ్లకి 32.5 కోట్ల డాలర్లకీ, మార్కస్ సెమియన్‌ని ఏడేళ్లకి 17.5 కోట్లకీ తీసుకున్నారు. తర్వాత రిటైరై ఇంట్లో కూర్చున్న బ్రూస్ బోచీని మేనేజర్‌గా (క్రికెట్‌లో కోచ్ లాంటివాడు) రప్పించారు. 2010 వరల్డ్ సిరీస్‌లో (అంటే టైటిల్ ఫైనల్లో) శాన్ ఫ్రాన్సిస్కోతో మనల్ని ఓడించింది ఆయనే. ఎంతో ఆశపెట్టుకున్న పిచ్చర్ (బౌలర్ లాంటివాడు) డిగ్రోమ్ ఆరు మ్యాచులు ఆడి మోచేతి ఆపరేషన్‌కి వెళ్లిపోయాడు. అయినా సీజన్‌లో ఎక్కువ రోజులు డివిజన్‌లో (మన అయిదు టీముల గ్రూపులో) మనమే ముందున్నాం.

ఆగస్టులో వరసగా ఎనిమిది ఓడిపోయారు. సెప్టెంబర్ మొదట్లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ మన గ్రౌండ్‌కి వచ్చి మూడు మ్యాచుల్లో 39 పరుగులు చేసి వెళ్లింది, మనవి 10. నేను రేడియో కట్టేసి రెండు రోజులు పెట్టలేదు. తర్వాత టొరంటో వెళ్లి నాలుగుకి నాలుగూ గెలిచారు, మళ్లీ పెట్టాను. చివరి రోజు సియాటెల్‌లో ఒక్క మ్యాచ్ గెలిస్తే డివిజన్ మనది, 1-0తో ఓడిపోయారు. హ్యూస్టన్‌కీ మనకీ 90 గెలుపులే, కానీ ఎదురెదురు మ్యాచుల్లో వాళ్లు ముందుండటంతో డివిజన్ వాళ్లకి పోయి మనం వైల్డ్ కార్డ్‌లో పడ్డాం, అంటే గ్రూపు గెలవనివాళ్లు ప్లేఆఫ్స్ అనే నాకౌట్లలోకి వచ్చే దారి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అక్కడ్నుంచి దేశం ఆ చివర్నుంచి ఈ చివరికి ఎగిరి టాంపా బేని వాళ్ల గ్రౌండ్‌లోనే 2-0తో పంపించేశారు. 101 మ్యాచులు గెలిచిన బాల్టిమోర్‌ని 3-0. ఆ తర్వాత మళ్లీ హ్యూస్టన్! బెస్ట్ ఆఫ్ సెవెన్, ముందు నాలుగు గెలిచినవాళ్లది సిరీస్. అర్లింగ్టన్‌లో అయిదో మ్యాచ్ 9వ ఇన్నింగ్స్‌లో (మామూలుగా అదే చివరిది) వాళ్ల అల్టూవె మూడు పరుగుల హోమ్ రన్ (సిక్సర్ లాంటిది) కొట్టి మన చేతిలో ఉన్నది లాక్కున్నాడు, 5-4. సిరీస్ 3-2తో వాళ్ల వైపు తిరిగింది, మిగిలిన రెండూ హ్యూస్టన్‌లో.

ఆరో మ్యాచ్ అక్టోబర్ 22 ఆదివారం. ఆ రోజు తెల్లవారుజామున మూడున్నరకి లేచి ధర్మశాలలో న్యూజిలాండ్‌తో ఇండియా మ్యాచ్ చూశాను, కోహ్లీ 95. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం మళ్లీ టీవీ. మన అడోలిస్ గార్సియా నాలుగుసార్లు స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులు పడి అవుట్) అయ్యాడు, స్టేడియం మొత్తం అతన్ని వెక్కిరిస్తోంది, అయిదోసారి వచ్చి గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టాడు. మర్నాడు మాకు దసరా. గుళ్లో జమ్మి తీసుకుని పరుగున ఇంటికొచ్చేసరికి ఏడో మ్యాచ్ మొదలైంది. 11-4తో మనమే గెలిచాం. ఆ సిరీస్‌లో ఏడు మ్యాచులూ బయటినుంచి వచ్చిన టీమే గెలిచింది. గార్సియా ఒక్కడే 15 పరుగులు చేయించాడు, ప్లేఆఫ్స్‌లో ఒక సిరీస్‌కి అది రికార్డు.

వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ మాత్రం నేను బతికున్నంతకాలం మర్చిపోను. ఇక్కడ సాయంత్రం ఏడంటే గుంటూరులో తెల్లవారి అయిదున్నర. మా నాన్నగారు వీడియో కాల్‌లో, ఫోన్ టీవీ వైపు తిప్పి సోఫా చేతికి ఆనించి పెట్టాను. 9వ ఇన్నింగ్స్‌లో అరిజోనా 5-3తో ముందుంది. ఎప్పుడూ మొహంలో ఏమీ కనిపించని సీగర్ మొదటి బంతికే కుడివైపు స్టాండ్స్‌లోకి పంపించి స్కోరు సమం చేసి అరుస్తూ పరిగెత్తాడు. అదురుకి ఫోన్ కిందపడింది, కార్పెట్ మీంచి నాన్నగారి గొంతు, "ఏమైందిరా, ఏమైంది?" అని. 11వ ఇన్నింగ్స్‌లో గార్సియా హోమ్ రన్ కొట్టి గెలిపించేసరికి అక్కడ తొమ్మిది దాటింది, ఆయన టిఫిన్ కూడా చేయలేదు.

రెండోది ఓడిపోయారు, 9-1. తర్వాత ఫీనిక్స్‌లో మూడూ గెలిచారు. ప్లేఆఫ్స్‌లో బయట ఆడిన 11 మ్యాచులూ గెలిచారండి, ఒక్కటీ ఓడలేదు.

జవాబు (అర్లింగ్టన్ నుంచి):

పైన అన్న బాగా చెప్పారు. నేనిక్కడికి 2005లో వచ్చాను కాబట్టి ఒక్కటి కలుపుతాను. 2011 అక్టోబర్ 27, సెయింట్ లూయిస్‌తో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. ఒక్క స్ట్రైక్ పడితే టైటిల్ మనది, డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి నెల్సన్ క్రూజ్ తల మీదుగా వెళ్లిపోయింది. 10వ ఇన్నింగ్స్‌లో మళ్లీ ఒక్క స్ట్రైక్ దూరంలోకి వచ్చాం, మళ్లీ పోయింది. 11లో ఫ్రీస్ హోమ్ రన్, ఓడిపోయాం, మర్నాడు సిరీస్ కూడా పోయింది. గార్సియా అరిజోనా మీద కొట్టింది కూడా అక్టోబర్ 27నే, అదీ 11వ ఇన్నింగ్స్‌లోనే, సరిగ్గా పన్నెండేళ్లకి. మా వీధిలో అరవై దాటిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఆ రాత్రి నైట్‌డ్రెస్‌లోనే బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడి ఏడ్చారు. 1972లో టెక్సస్‌కి వచ్చిన టీమ్ ఇది, అప్పటిదాకా ఒక్క టైటిల్ లేదు. నవంబర్ 3న పరేడ్‌కి ఆయన్ని మా కార్లోనే తీసుకెళ్లాను.

జవాబు (హ్యూస్టన్ దగ్గర, షుగర్‌ల్యాండ్ నుంచి):

మేము ఆస్ట్రోస్ వాళ్లం. ఆ సిరీస్‌లో మా గ్రౌండ్‌లో నాలుగు మ్యాచులు ఆడి నాలుగూ ఓడిపోయాం, ఆ వారం ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. అయినా బోచీ పిచ్చర్లని వాడిన తీరు చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది. మీ అబ్బాయికి ఓడిపోయిన మ్యాచులు కూడా చివరిదాకా చూపించండి, మధ్యలో టీవీ కట్టేయకండి.

జవాబు (ప్లానో నుంచి):

మీరు ఫ్రిస్కోలోనే ఉండి రఫ్‌రైడర్స్ సంగతి ఎవరూ చెప్పలేదా? రేంజర్స్‌కి కుర్ర ఆటగాళ్లని తయారుచేసి పంపే డబుల్-ఎ (రెండు మెట్లు కింది లీగ్) టీమ్ అండి అది, టికెట్లు కూడా పెద్ద ఖరీదు కాదు. ఎవాన్ కార్టర్ 2023లో ఎక్కువ భాగం అక్కడే ఆడాడు, సెప్టెంబర్‌లో 21 ఏళ్లకి పైకి వెళ్లి రెండు నెలల్లో వరల్డ్ సిరీస్ గెలిచాడు. మా పాప అతన్ని రైడర్స్ ఫీల్డ్‌లో కంచె పక్కనుంచి చూసింది. అతను టీవీలో కనపడినప్పుడల్లా "మన ఫ్రిస్కో అన్నయ్య" అనేది. మీ వాడికి అక్కడ మొదలుపెట్టండి, ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారు, పేర్లు వాటంతటవే వచ్చేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్సండి అందరికీ. రైడర్స్ ఫీల్డ్ మా ఇంటికి పది నిమిషాలు, రోజూ దాని పక్కనుంచే వెళ్తున్నాను. శనివారానికి మూడు టికెట్లు తీసుకున్నాను. వాడు గ్లవ్ తెస్తానంటున్నాడు, తీసుకురానిస్తారా?

జవాబు (ప్లానో నుంచి):

తప్పకుండా తీసుకెళ్లండి. ఫౌల్ బంతులు వచ్చే వైపు కూర్చోండి, కాస్త ముందు వరసలో.